కొమరయ్య పేరులో యవత్తు

దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగిన ఊరు కడవెండి. ఇప్పుడది జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. ఆ అమరుడి వర్ధంతికి ఓ ఫ్లెక్సీ వేయించాలనుకోండి. డీటీపీ కుర్రాడు కోరెల్ డ్రాలో చక్కగా డిజైన్ చేసి, జేపీజీగా మార్చి, వాట్సాప్‌లో పంపేస్తాడు. ఫోన్లో బాగానే ఉంటుంది. తీరా పదడుగుల ఫ్లెక్సీ మీద చూస్తే కొమరయ్య పేరులో యవత్తు కాస్తా అలుక్కుపోయి ఉంటుంది!

ఎందుకలా? కోరెల్ డ్రా ఫైలు ముగ్గులాంటిది. గీతల లెక్కంతా దాంట్లోనే ఉంటుంది. గడపంత వేసినా, వాకిలంత వేసినా గీత చెదరదు. జేపీజీలో ఉండేవి పిక్సెళ్లు. సాగదీస్తే గళ్లు బయటపడతాయి. పైగా 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఫొటోకైతే ఫరవాలేదు. అక్షరాల అంచులకే ఇబ్బంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇంకాస్త కుదించుకుపోతుంది.

అలాగని జేపీజీ లేకుండా గడవదు. అను ఫాంట్లు లేని సిస్టమ్‌లో అసలు ఫైలు తెరిస్తే తెలుగు కాస్తా పిచ్చిగీతలైపోతుంది మరి. అందుకే అచ్చుకి పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇవ్వడం మేలు. జేపీజీయే కావాలంటే ఎక్కువ రిజల్యూషన్‌తో తీసి, డాక్యుమెంట్‌గా పంపాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అసలు ఫైలును దాచుకోవడం. వచ్చే ఏడాదీ జులై 4 వస్తుంది. అప్పుడు పేరు ఇంకాస్త పెద్దది చేయాలంటే, జేపీజీ నుంచి వెనక్కి దారి ఉండదు.