లక్ష్మీకాంత్ ఎంతకిస్తావ్?

మా మేనల్లుడు ఫోను నా ముఖం ముందు పెట్టాడు. "చూడు మామయ్యా, ఇందులో అరవై రూపాయలు తక్కువ. రేప్పొద్దున్నకల్లా గది ముందుకొచ్చి పడుతుంది" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే కొట్టు మెట్టెక్కి, గల్లా దగ్గరున్నాయన్ని హిందీలో అడిగాడు: "భయ్యా, లక్ష్మీకాంత్ ఎంతకిస్తావ్?"

తక్కువ ధర చేతిలోనే ఉంటే ఎక్కువ చెప్పేవాడి దగ్గరికెందుకురా అంటే, "ఉండు, చెప్తా" అన్నాడు. చెప్పలేదు. అదేదో తేల్చుకుందామనే ఆ శనివారమంతా వాడి వెంట తిరిగాను.

ఢిల్లీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా ఓల్డ్ రాజేంద్రనగర్ వైపు నేను పోయింది తక్కువ. కరోల్‌బాగ్ మెట్రో దిగి పూసా రోడ్డు పక్క సందుల్లోకి మళ్లితే వస్తుంది. దేశ విభజనప్పుడు పశ్చిమ పంజాబ్ వదిలి వచ్చిన కుటుంబాల కోసం వెలసిన కాలనీ. పేరు బాబూ రాజేంద్రప్రసాద్‌ది. అప్పటి చిన్న చిన్న స్థలాల్లోనే ఇప్పుడు నాలుగేసి అంతస్తులు లేచాయి. కింద కోచింగ్, పైన అద్దె గదులు, రెండింటి మధ్యా కరెంటు తీగల చిక్కుముడి. సివిల్స్ పిల్లలు దేశం నలుమూలల నుంచీ వస్తారు. బడా బజార్ మార్గ్‌లో పది నిమిషాలు నిలబడితే తెలుగు మాట చెవిన పడకుండా పోదు.

లక్ష్మీకాంత్ అంటే మనిషి పేరే గానీ ఈ సందుల్లో సరుకు పేరు. ఎం.లక్ష్మీకాంత్ రాసిన 'ఇండియన్ పాలిటీ' లేని గది ఇక్కడ ఉండదు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్‌లో కోచింగ్ నడిపిన ఆయన పేరు బిహారీ కుర్రాడి నోటా, మలయాళీ అమ్మాయి నోటా వినబడుతుంటే నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. పైకి అనలేదనుకోండి. మావాడు ఖమ్మం నుంచి వచ్చి రెండేళ్లయింది, వాడికి ఇప్పుడు గర్వాల మీద ఆసక్తి లేదు.

కొట్టు వెడల్పు అడ్డంగా ఒక నులకమంచం పట్టేంత. వెనకాల మూడు జిరాక్స్ మిషన్లు, పక్కన స్పైరల్ బైండింగ్ చేసే కుర్రాడు, పైన అటక మీద రిమ్ముల కట్టలు. కొత్త పుస్తకాలు బయటికి కనిపించేలా పేర్చారు. నాకొక ప్లాస్టిక్ స్టూలు వేశారు. గంటసేపు కూర్చుని చూశాను. ఆ గంటలో అమ్ముడైన కొత్త పుస్తకాలు రెండు. మిగతా వచ్చినవాళ్లంతా వేరే పనుల మీద వచ్చారు. ఒకమ్మాయి పెన్‌డ్రైవ్ ఇచ్చి ప్రింట్ తీయమంది. ఒకడు గత ఏడాది టెస్ట్ సిరీస్ కావాలన్నాడు, కావలసింది ఎస్సే పేపర్లు మాత్రమే. ఇంకొకడు నిన్న కొన్న పుస్తకం ముందే రూమ్మేటు దగ్గరుందని తెచ్చాడు. దాన్ని తీసుకుని వేరేది ఇచ్చారు, తేడా పది రూపాయలు చిల్లర లేదంటే "తర్వాత" అన్నారు. బిల్లు అడగలేదు, అట్టపెట్టె అడగలేదు, ఏడు రోజుల గడువు లెక్క చూడలేదు.

కొత్త పుస్తకం మీద మిగిలేది చాలా తక్కువని కొట్టాయన ఒప్పేసుకున్నాడు. ముద్రించిన ధర మీద ముప్పై, ముప్పై అయిదు శాతం తగ్గించందే ఇక్కడ ఎవరూ కొనరట. పిల్లలు ఫోనులో ధర చూసుకుని వచ్చి బేరం మొదలుపెడతారు. "మరి ఎందుకమ్ముతారు?" అన్నాను. ఆయన మిషన్ల వైపు గడ్డం ఎత్తి చూపించాడు. పుస్తకం కోసం మెట్టెక్కినవాడు కాగితాల కోసం మళ్లీ మళ్లీ వస్తాడు. అద్దె కట్టేది ఆ కాగితాలు.

ఆ కాగితాల్లో ఫోనులో దొరకనివి చాలా ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ ఎప్పుడో ఆపేసిన పాత చరిత్ర పాఠ్యపుస్తకాలు, ఆర్.ఎస్.శర్మ రాసిన ప్రాచీన భారతం, సతీశ్ చంద్ర మధ్యయుగం, బిపన్ చంద్ర ఆధునిక యుగం, ఇక్కడ స్పైరల్ కట్టుకుని ఇంకా బతికే ఉన్నాయి. సిలబస్ మారి పదిహేనేళ్లు దాటినా 'ఓల్డ్ ఎన్‌సీఈఆర్‌టీ' అనే మాటకు ఈ సందుల్లో గిరాకీ తగ్గలేదు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్న పిల్లల కోసం ఎవరో చేతిరాతతో రాసుకున్న నోట్సు కట్ట కూడా ఒక మూల కనిపించింది. గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరాతో ఉపశీర్షికలు.

ఇదంతా చట్టానికి ఎటువైపు ఉందని అడిగితే కొట్టాయన నవ్వి మాట మార్చాడు. అడగడం నా ధర్మం, మార్చడం ఆయన ధర్మం. ఢిల్లీలో ఈ ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లిందన్నది నిజం. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ దావా కొట్టేశారు. డిసెంబరులో డివిజన్ బెంచి కేసును తిరిగి విచారణకు పంపినా, పాఠం చెప్పే క్రమంలో అవసరమైన మేరకు నకలు తీసుకోవడానికి కాపీరైటు చట్టం వీలిస్తుందన్న మూలసూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. అయితే ఆ తీర్పు విశ్వవిద్యాలయపు పాఠ్యభాగాల గురించి. కోచింగ్ సెంటర్ల నోట్సును టోకున నకలు తీసి అమ్మడానికి అది గొడుగు పడుతుందని నేననుకోను. చిన్న కొట్టు అనగానే పాపం అనేసి ఈ సంగతి దాటేయడం న్యాయం కాదు. ఇక్కడి బతుకుతెరువులో కొంత వాటా ఇంకొకరి రాతది.

అదలా ఉంచి, ఒక పనిలో మాత్రం ఆన్‌లైన్ వాళ్లే ఖరీదు. గురుగ్రామ్ కేంద్రంగా నడిచే బ్లింకిట్ 2022లో ప్రింటౌట్లు ఇంటికి పంపడం మొదలుపెట్టినప్పుడు నలుపు తెలుపు పేజీకి 9 రూపాయలు పెట్టింది. ఇక్కడ రూపాయి, కట్టలు కట్టలుగా అయితే ఇంకా తక్కువ. నాలుగు వందల పేజీల నోట్సు ప్రింట్ తీయించే పిల్లవాడికి పది నిమిషాల్లో వచ్చే సౌకర్యం అక్కర్లేదు. కింద టీ తాగి వచ్చేలోపు అయిపోతే చాలు.

మధ్యాహ్నం "టోకు బజారు చూద్దువుగాని రా" అని మావాడే తీసుకెళ్లాడు. రాజీవ్‌చౌక్‌లో లైను మారి చావ్డీ బజార్‌లో దిగాం. అక్కణ్నుంచి చాందినీ చౌక్ టౌన్‌హాలు దాకా వెళ్లే దారి నయీ సడక్. పేరుకు కొత్త రోడ్డు, 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు పాత ఇళ్ల మధ్యగా కొట్టి వేసింది. అప్పట్లో ఎగర్టన్ రోడ్డు అనేవారు. స్కూలు పుస్తకాలు, గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు ఇక్కణ్నుంచే ఉత్తరాది ఊళ్లకు గోతాల్లో వెళ్తాయి. తోపుడు బండి వస్తే గోడకు అతుక్కుని నిలబడాలి.

ఇక్కడి లెక్క రాజేంద్రనగర్ లెక్క కాదు. పాతకాలపు కిరాయిదార్లకు 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం రక్ష. నెలకు 3,500 రూపాయలు దాటని అద్దెలకు ఆ రక్షణ 1988 సవరణ తర్వాత కూడా మిగిలింది. అందుకే చాందినీ చౌక్ నడిబొడ్డున తాతల నాడు పగ్డీ, అంటే కొట్టు దక్కడానికి ముందే ఇచ్చే పెద్ద మొత్తం, కట్టి, వందల్లో అద్దె ఇస్తూ కూర్చున్నవాళ్లున్నారు. పక్క వీధిలో కొత్తగా దిగినవాడు లక్షలు పోస్తాడు. ఆన్‌లైన్‌ని ఎలా తట్టుకున్నారు అని అడిగితే సేవ, నమ్మకం, పాత పరిచయం అని చాలామంది చెప్తారు. అవి అబద్ధం కాదు. కానీ అద్దె ఎంత అని అడిగేదాకా ఆ జవాబు పూర్తికాదని నాకు అనిపించింది. ఇంటి యజమానికి నష్టం, కొట్టుకు ఊపిరి.

ఒక టోకు దుకాణంలో వెనక గదిలో ఇద్దరు కుర్రాళ్లు పుస్తకాలకు బుడగల ప్లాస్టిక్ చుడుతున్నారు. చీటీల మీద ఊళ్ల పేర్లు: జబల్‌పూర్, సిలిగురి, నంద్యాల. నంద్యాల చూసి ఆగాను. ఈ దుకాణమే ఆన్‌లైన్‌లో వేరే పేరుతో అమ్మకందారు. మావాడు పొద్దున ఫోనులో నాకు చూపించిన పుస్తకం ఈ గదిలోంచే బయల్దేరినా ఆశ్చర్యం లేదు. దుకాణదారు కమీషన్ శాతం చెప్పి, తిరిగొచ్చే పార్సిళ్ల లెక్క చెప్పి, నుదురు కొట్టుకున్నాడు. "మరి మానేయొచ్చుగా?" అంటే, "మానేస్తే పక్కవాడు అమ్ముతాడు" అన్నాడు. అంతటితో ఆ సంభాషణ అయిపోయింది.

దుకాణదార్లు ఊరికే నుదురు కొట్టుకుంటూ కూర్చోలేదు. ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదు మీదే 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద దర్యాప్తుకు ఆదేశించింది. ఫిర్యాదు ముఖ్యంగా సెల్‌ఫోన్ల అమ్మకాల గురించి: కొందరు అమ్మకందార్లకే పెద్దపీట వేయడం, కొన్ని ఫోన్లు అక్కడ మాత్రమే దొరకడం, తట్టుకోలేని తగ్గింపులు. కంపెనీలు కర్ణాటక హైకోర్టుకు వెళ్లి దర్యాప్తును ఆపించాయి. 2021లో అక్కడ ఓడిపోయాయి, సుప్రీంకోర్టూ ఆపడానికి ఒప్పుకోలేదు. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థ అంగడి నడపాలే తప్ప సొంత సరుకు అమ్మకూడదని మన నిబంధన, 2019 ఫిబ్రవరి నుంచి దాన్ని ఇంకా బిగించారు కూడా. బిగించినా సందు దొరుకుతూనే ఉంటుందని దుకాణదార్ల వాదన.

పుస్తకాల వరకు ఫ్రాన్సువాళ్లు వేరే దారి పట్టారు. 1981లో సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ పేరుతో వచ్చిన చట్టం ప్రకారం ప్రచురణకర్త పెట్టిన ధర మీద అయిదు శాతానికి మించి ఎవరూ తగ్గించకూడదు. ఆన్‌లైన్ వాళ్లు రవాణా ఉచితమని ఆ అడ్డు దాటబోతే, 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు కొన్నవారి దగ్గర రవాణాకు కనీసం 3 యూరోలు తీసుకోవాలని కట్టడి చేశారు. మన దగ్గర పుస్తకం వెనక అచ్చయ్యేది గరిష్ఠ ధర. అంతకు మించకూడదు, అంతే. కిందికి ఎంతయినా పోవచ్చు. ఎవరి దగ్గర పోగొట్టుకోవడానికి ఎక్కువ డబ్బుంటే వాడిదే తక్కువ ధర. ఫ్రెంచి పద్ధతి ఇక్కడ పెడితే ముందు తిట్టేది మా మేనల్లుడే అనుకోండి.

నయీ సడక్ చివర్లో పాత పుస్తకాలు కొనేవాళ్లు కనిపించారు. దీని అసలు బజారు ఆదివారం దరియాగంజ్‌ది. దశాబ్దాల పాటు కాలిబాట మీద నడిచి, 2019లో హైకోర్టు ఉత్తర్వుతో లేచిపోయి, కొన్ని వారాల తర్వాత ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్ ప్రాంగణంలో తేలింది. అంతకుముందు నెలలోనే అక్కడ తిరిగొచ్చాను గనక ఈసారి ఆగలేదు. చదివేసిన పుస్తకాన్ని డబ్బిచ్చి వెనక్కి తీసుకునే ఏర్పాటు ఈ ఊళ్లో ఇంత పెద్దదిగా ఉందని మాత్రం మావాడికి చెప్పాను. "అందుకేగా పొద్దున కొట్టుకెళ్లింది" అన్నాడు. ఉదయం నుంచి దాచిన జవాబు మెట్రోలో బయటపడింది. వాడికి కావలసింది కొత్త లక్ష్మీకాంత్ కాదు. వాడి దగ్గర పాత ఎడిషన్ ఉంది. దాన్ని కొట్టులో ఇచ్చేసి, కొత్త ఎడిషన్‌లో ఎవరో ఒకసారి చదివింది తీసుకుని, తేడా కట్టాలి. ఫోను ఆ లెక్క చెప్పలేదు. "అయినా ముందు కొత్తదాని ధర అడగాలి మామయ్యా. బేరం అక్కణ్నుంచి దిగాలి."

రాత్రి ఎనిమిదింటికి కొట్టు కిటకిటలాడుతోంది. మావాడి పాత పుస్తకాన్ని కొట్టాయన చేతిలో తూచినట్టు చూసి, గీతలు ఎక్కువున్నాయని ధర తగ్గించాడు. బదులుగా ఇచ్చినదాంట్లో కూడా గీతలున్నాయి, పైగా అంచుల్లో తెలుగులో రాతలు: 'ఇది మళ్లీ చూడాలి', 'అమ్మకి ఫోన్'. సగం దాకా ఉండి ఆగిపోయాయి. తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

గిరాకీ సర్దుకున్నాక ఆయన నాతో కాసేపు మాట్లాడాడు. 2024 జూలై 27న ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత బేస్‌మెంట్లకు సీళ్లు పడ్డాయి, పిల్లలు ధర్నాలకు కూర్చున్నారు, చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ నెలల్లో మిషన్ల మీద గుడ్డ కప్పి ఉంచిన రోజులున్నాయట. "ఆన్‌లైన్‌లో పుస్తకం అమ్మేవాడంటే నాకు భయం లేదు సార్. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాడంటేనే భయం. మీవాడు ఖమ్మంలో కూర్చుని క్లాసు వింటే నా కొట్టు మెట్టు ఎవరెక్కుతారు?" అన్నాడు.

నేనిన్నాళ్లూ ధర గురించే ఆలోచించాను. మనుషులే ఈ వీధికి రాకపోతే అన్న సంగతి నాకు తట్టలేదు.

లేవబోతూ, మావాడి బాకీ ఏమైనా ఉందా అని అడిగాను. గల్లా కింద నుంచి పొడుగాటి ఖాతా పుస్తకం తీశాడు. వాడి పేరు పక్కన హిందీలో 'ఆంధ్రా' అని ఉంది. "ఖమ్మం తెలంగాణ అని వందసార్లు చెప్పాను" అని వాడు గొణిగాడు. ఆరు వందల నలభై. మొహమాటానికైనా వద్దంటాడేమో అనుకున్నాను. నోట్లు లెక్కపెట్టి, ఆ గీత మీద అడ్డంగా కొట్టేసి, పుస్తకం మూయకుండా నావైపు తిప్పాడు.

"ఇంకో ఇద్దరు ఆంధ్రావాళ్లున్నారు సార్."