హుస్సేనుసాగరమున బోల్తాపడవలు

మొన్న సాయంకాలము మేము హైదరాబాదునందలి హుస్సేనుసాగరపు గట్టున గూర్చుంటిమి. నీటిపై పిల్లలు ‘ఆప్టిమిస్టు’ అను చిన్న తెరచాప పడవలను నడుపుచుండిరి. 1947లో అమెరికాలో పిల్లలకై పుట్టిన యీ పడవ నిడివి ఎనిమిదడుగులైనను లేదు. ఒక్కొక్కదానికి ఒక్కరే నావికులు.

ఇంతలో గాలి విసరి యొక బాలిక పడవ బోల్తాపడెను. మా గుండెలు ఝల్లుమనెను. తోడిపిల్లలో, “చేపలు కుశలమేనా?” అని కేకవేసిరి. లైఫుజాకెట్టుతో తేలుచున్న యామె, “కుశలమే! మీరెప్పుడు వత్తురని యడిగినవి” అనెను. అందరును నవ్విరి. ఆమెయు నవ్వుచునే పడవ యడుగునుండి పొడుచుకొనివచ్చిన పలకపై నెక్కి, అంచుపట్టి వెనుకకు వ్రాలి, పడవను నిలిపి, నీరు తోడిపోసి సాగిపోయెను.

సోదరీమణులారా! బిడ్డ పడినచో మనము ముందుగా గద్దింతుము. ఆ పరిహాసమున నిందలేదు. “మేమును పడితిమి, లెమ్ము” అను ధైర్యమే కలదు.