పోపుల డబ్బాలో పట్టినంత

మా ఇంట్లో రెండు ఖర్చుల పుస్తకాలున్నాయి. ఒకటి ఇంటిది: అద్దె, పాలు, కరెంటు, స్కూలు వ్యాను. రెండోది నీలం అట్ట నోటుబుక్కు. దాని మీద మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో వేసిన బల్బు బొమ్మ ఉంటుంది. అందులో మొదటి పద్దు 2022 ఆగస్టు నాటిది. ఎల్‌డీఆర్ ఒకటి, బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, తెల్ల ఎల్‌ఈడీలు ఆరు, కాసిని రెసిస్టర్లు, ఒక డాట్ బోర్డు. మొత్తం 62 రూపాయలు.

అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు. రాత్రి బాత్‌రూముకు వెళ్ళాలంటే చీకటికి జడిసి, మంచం దిగకుండా నన్ను లేపేది. అందుకని హాల్లో జీరో బల్బు వేసి ఉంచేవాళ్ళం. పేరుకు జీరో గాని ఆ పాతకాలపు బల్బు 15 వాట్లు తాగుతుంది. రాత్రికి తొమ్మిది గంటల చొప్పున నెలకు 4 యూనిట్లు. నేను మహిళా పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, ఆ తరువాత అకౌంట్స్ ఉద్యోగంలో కుదురుకుని, పదకొండేళ్ళు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఆ వారం మళ్ళీ పట్టుకున్నాను. చీకటి పడితే ఎల్‌డీఆర్ నిరోధం పెరుగుతుంది, ట్రాన్సిస్టర్ బేస్‌కు వోల్టేజీ అందుతుంది, నాలుగు ఎల్‌ఈడీలు వెలుగుతాయి. పాత ఫోను ఛార్జరుతో నడిచే ఆ దీపానికి పావు వాటు చాలు. బిల్లులో మిగిలినదానితో నాలుగైదు నెలల్లో 62 రూపాయలూ తిరిగొచ్చాయి. మూడో రాత్రి మా అమ్మాయి తనంతట తానే లేచింది. చిన్న అడుగుల చప్పుడు వెళ్ళడం, తిరిగి రావడం, దుప్పటి లాక్కోవడం, అన్నీ కళ్ళు మూసుకునే విన్నాను.

ఆ 62 రూపాయలు ఇచ్చిన ఆనందమే తరువాత నాచేత 19 వేలు ఖర్చు పెట్టించింది.

2023 సంక్రాంతికి మిర్యాలగూడలో అమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. అమెరికా నుంచి అన్నయ్య వాళ్ళూ వచ్చారు. వాళ్ళబ్బాయి చేతిలో మెత్తటి గుడ్డ తొడిగిన చదరపు పెట్టె ఉంది. దాని నెత్తి మీద చిన్న బొమ్మను నిలబెడితే కథ మొదలవుతుంది, తీసేస్తే ఆగిపోతుంది. తెర లేదు. జర్మనీలో 2016లో వచ్చిన టోనీబాక్స్ అది. పెట్టె వంద డాలర్ల దాకా అవుతుందనీ, ఒక్కో బొమ్మకు మళ్ళీ విడిగా డబ్బులనీ వదిన చెప్పింది. మన రూపాయల్లో ఎనిమిది వేల పైమాట. ఇక్కడికి తెప్పించుకుందామన్నా, దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లోనే 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 అయింది. అంత పెట్టి తెచ్చినా అది మాట్లాడేది ఇంగ్లీషు.

ఆ రాత్రి డాబా మీద అమ్మ పిల్లలిద్దరికీ ఏడు చేపల కథ చెప్పింది. ఎండని చేప దగ్గర మొదలుపెట్టి చీమ దాకా వచ్చేసరికి అన్నయ్య కొడుకు పెట్టెను పక్కన పెట్టి అమ్మ ఒళ్ళోకి జరిగాడు. వాడికి తెలుగు సగమే వచ్చు. ఫోను తీసి రికార్డింగ్ నొక్కాను. పండగ నాలుగు రోజుల్లో అమ్మ 22 కథలు చెప్పింది. హైదరాబాద్ తిరిగొచ్చాక మా అత్తయ్య మూడు జోలపాటలు పాడి ఇచ్చారు.

కథల పెట్టె ఇంట్లో చేసుకోవచ్చని నాకు తెలుసు. జర్మనీలోనే ఒకాయన టోనుయినో పేరుతో డిజైనూ ప్రోగ్రామూ అందరికీ ఉచితంగా ఇచ్చారు. లోపల మూడే ముఖ్యమైన భాగాలు. మన మెట్రో కార్డు లాంటి కార్డులను చదివే ఆర్‌సీ522 రీడరు, మెమరీ కార్డులోంచి పాటలు పాడే డీఎఫ్‌ప్లేయర్ అనే రూపాయి బిళ్ళంత బోర్డు, ఈ రెండింటికీ మధ్య పెద్దరికం చేసే ఆర్డుయినో నానో. రీడరు 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కార్డులో బ్యాటరీ ఉండదు, ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. నంబరును బట్టి నానో కథను ఎంచుతుంది.

కోఠీ గుజరాతీ గల్లీకి మెట్రోలో వెళ్ళి అన్నీ తెచ్చాను. ఆ గల్లీలో నేను డిప్లొమా రోజుల నుంచీ ఎరిగిన ఒక పెద్దాయన రీడరు చేతిలో పెడుతూ, "రెండు తీసుకోండమ్మా, మొదటిది కాలుద్ది" అన్నారు. ఒకటే తీసుకున్నాను. అది 3.3 వోల్టుల వస్తువు. రాత్రి పదకొండింటికి నిద్ర కళ్ళతో దానికి 5 వోల్టులు ఇచ్చాను. 120 రూపాయలు పోయాయి, మరో శనివారం పోయింది. అప్పటి నుంచీ తేలిగ్గా కాలే వస్తువును రెండేసి కొంటాను, మిగతావన్నీ ఒక్కొక్కటే.

మొదట అందమైన బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాను. కార్డు ఎంత ఆనించినా పలకలేదు. రేకు ఆ క్షేత్రాన్ని మింగేస్తుంది. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో పెట్టె చేయించాను. స్పీకరులో వచ్చే సన్నటి గరగర, డీఎఫ్‌ప్లేయర్‌కు మాట చేరవేసే తీగలో ఒక కిలో ఓమ్ రెసిస్టరు పెడితే పోయింది. ఆ రెసిస్టరు రూపాయి కూడా చేయదు. పవర్ బ్యాంకుతో నడుపుదామంటే, పెట్టె వాడే కరెంటు మరీ తక్కువ కావడంతో ఏమీ తగిలించలేదనుకుని అది కాసేపటికే ఆగిపోయేది. విడి లిథియం సెల్లులు పెట్టమని చాలామంది చెప్పారు. షార్టయితే మంటలు లేచే వస్తువును పసిపిల్ల మంచం పక్కన పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. గోడ ఛార్జరుతోనే నడుస్తుంది.

నానో 280, ప్లేయరు 140, రీడరు 120, స్పీకరు 90, మెమరీ కార్డు 320, పాతిక ఖాళీ కార్డులకు 350, స్విచ్చులూ తీగలూ 75, వడ్రంగికి 100. మొత్తం 1,475. ఒక్కో కార్డు మీద చేపో, కాకో, పేదరాశి పెద్దమ్మో, మా అమ్మాయే బొమ్మ గీసింది. మా ఇంట్లో ఇంతగా వాడిన వస్తువు ఇంకోటి లేదు.

ఇంతవరకూ చెబితే ఇది పొదుపు కథ. నేనూ అలాగే చెప్పుకునేదాన్ని. ఆఫీసులో ఎవరు అడిగినా, ఎనిమిది వేల పెట్టెను పదిహేను వందల్లో చేశానని చెప్పేదాన్ని. ఆ ఏడాది దసరా సెలవుల్లో ఇల్లు సర్దుతుంటే అల్మరా కింది అర నిండా యాంటీస్టాటిక్ కవర్లు బయటపడ్డాయి, సగం సీలు కూడా విప్పనివి. ఆ మధ్యాహ్నం నీలం పుస్తకం ముందేసుకుని, ఆఫీసులో స్టాకు ఎలా తేలుస్తామో అలాగే తేల్చాను. 14 నెలల మొత్తం 19,640. అందులో పిల్ల నిజంగా వాడుతున్న వస్తువుల్లోకి వెళ్ళింది 4,120. పనిముట్లు 5,480. కాలినవి, పాడైనవి 1,310. అర్ధరాత్రి కాల్చుకున్న రీడర్లూ బోర్డులూ అన్నీ కలిపినా అంతే. నేను భయపడిన నష్టం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. మిగిలిన 8,730 అల్మరాలో ఉంది.

ముప్ఫై ఏడు సెన్సర్ల కిట్టు ఒకటి, 1,650. అందులో నాలుగు వాడాను. వేలిముద్రల సెన్సరు. జీపీఎస్ మాడ్యూలు. కెమెరా ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు. నాలుగు సర్వో మోటార్లు. ప్రతి కవరు వెనకా ఒక తలపు ఉంది: స్కూలు బ్యాగులో జీపీఎస్ పెడదాం, చేయి ఊపే బొమ్మ చేద్దాం, బాల్కనీలో పిచ్చుకల ఫొటోలు తీద్దాం. ఏదీ చెడ్డ తలపు కాదు. కొన్నప్పుడు ప్రతిదీ పిల్ల కోసమే అనుకున్నాను, ఆ మాట నిజం కూడా. కాని పిల్ల వాటిని అడగలేదు, వాటి పేర్లు కూడా దానికి తెలియవు. చీర మన కోసం కొనేటప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాం. పిల్లల కోసం అనేసరికి ఆ రెండో ఆలోచన రాదు, వచ్చినా తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. నా 8,730 అక్కడే జారిపోయింది.

ఎలా పోగుపడిందో తేదీల వారీగా చూస్తే ఇంకొకటి కనబడింది. కోఠీలో కొన్నవి దాదాపు అన్నీ వాడాను. మిగిలిపోయినవన్నీ ఆన్‌లైన్లో కొన్నవి. 499 దాటితే డెలివరీ ఉచితం. నాకు కావలసింది 260 రూపాయల బోర్డు. 59 రూపాయల డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి 240 రూపాయల వస్తువులు చేర్చాను. ఇలా పదకొండు ఆర్డర్లు. ప్రతిసారీ డెలివరీ ఛార్జీ కట్టేసి ఉన్నా 649తో అయిపోయేది. కోఠీలో ఆ గీత ఉండదు. ఒక్క రెసిస్టరు అడిగినా ఆ పెద్దాయన కాగితం పొట్లంలో కట్టి ఇస్తారు.

2019లో, మా అమ్మాయికి ఏడాది నిండాక, పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాం. నెలకు 2,000. అల్మరాలోది నాలుగు నెలల కిస్తీల కంటే ఎక్కువ. ఏడాదికి లక్షన్నర దాకా కట్టుకునే వీలున్న ఆ ఖాతాలోనే ఈ 8,730 కూడా వేసి ఉంటే, అప్పటి 8 శాతం వడ్డీ మారకుండా నిలిచినా 15 ఏళ్ళకు 27 వేలు దాటేది. మావారికి ఈ లెక్క చూపించాను. ఆయన చదివి, "అయితే ఆ దీపం కూడా వద్దంటావా?" అని అడిగారు. కిస్తీలూ వడ్డీలూ వేసినప్పుడు అలాంటి ప్రమాదం ఉంది. 4,120 మీద నేను వడ్డీ లెక్క వేయను. అమ్మ గొంతు ఉన్న పెట్టెను ఏ పథకంతోనూ పోల్చను. అల్మరాలోది వేరు.

పనిముట్ల 5,480 గురించి నాకు దిగులు లేదు. మొదట 25 వాట్ల మామూలు ఐరన్ 240కి కొన్నాను, మామూలు సీసం కలిసిన 60/40 సోల్డరుతో పని చేశాను. ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి, నా బల్ల మీది సోల్డరు తీగను మా అమ్మాయి గాజులా చుట్టుకుని ఉంది. చేతులు రెండుసార్లు కడిగించాను. పసిపిల్లల మెదడుకు సీసం ఎంత కొద్దిగానైనా మంచిది కాదు. ఆ వారమే సీసం లేని తీగకు మారాను. ధర బాగా ఎక్కువ. పైగా సీసం కలిసినది 190 డిగ్రీల లోపే కరిగితే, తగరమూ రాగీ ఉన్న ఇది 227 దాకా అడుగుతుంది. దానికి వేడి అదుపు చేసుకునే ఐరన్ కావలసి వచ్చింది, 1,450. తీగా ఐరనూ కలిసి రెండు వేల పైన. ఆ ఏడాది అంత ఇష్టంగా పెట్టిన ఖర్చు మరొకటి లేదు.

పారేసినదాని మీదా దిగులు లేదు. దీపావళికి వెలిగే గాజులు చేద్దామని బొత్తాం సెల్లులు పది తెచ్చాను, సీఆర్2032వి. అలాంటి సెల్లును పిల్లలు మింగితే, గొంతులో ఇరుక్కున్నచోట రెండు గంటల్లోనే కణజాలం కాలిపోవచ్చని ఆ రాత్రి చదివాను. సెల్లు పగలనక్కరలేదు, తడి తగిలి కరెంటు పారడమే చాలు. పదింటినీ విడివిడిగా టేపు చుట్టి తెల్లారే ఇంట్లోంచి పంపించేశాను. 150 రూపాయలు. అంతకు ముందు కొన్న బొమ్మల వెనక బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా లేదా అని అన్నీ తిప్పి చూశాను. రెండింటికి లేదు. అవీ పోయాయి.

అల్మరా సరుకును 2023 డిసెంబరులో ఒక పాలిటెక్నిక్ విద్యార్థికి 2,600కు ఇచ్చేశాను. సీలు విప్పని కవర్లకు కూడా మూడో వంతే వచ్చింది. ఆ డబ్బు సుకన్య ఖాతాలో వేశాను. సర్వో మోటారు ఒకటి ఉంచుకున్నాను, బొమ్మ చేయి ఊపడం అప్పటికి మా అమ్మాయికే ఆలోచన వచ్చింది కనుక.

ఇప్పుడు నెలకు 400 ఈ పనికి పక్కన పెడతాను. వాడకపోతే మరుసటి నెలకు వెళ్తుంది. సరుకు నిల్వకు అమ్మ ఇచ్చిన పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి ఉంది. ఏడు గిన్నెలు: రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్‌ఈడీలు, ట్రాన్సిస్టర్లు, స్విచ్చులు, స్క్రూలు, నడుమ గిన్నెలో బోర్డులు. మూత పడకపోతే కొనడం ఆపేయాలి. త్రీడీ ప్రింటరు కొనమని రెండేళ్ళుగా అడిగేవాళ్ళున్నారు, మనసూ లాగుతోంది. ఇప్పటిదాకా మాకు కావలసిన పెట్టెలు మూడు. మూడూ వడ్రంగి చేశాడు.

డబ్బు లెక్కలో పట్టనిది ఒకటి ఆ నీలం పుస్తకమే చూపించింది. మొదటి ఏడాది పద్దులన్నీ రాత్రి తొమ్మిదిన్నర తరువాతివి. పిల్ల పడుకున్నాక పిల్ల కోసం చేశాను. ఇప్పుడు ఆదివారం పొద్దున చేస్తున్నాం. ఐరన్ నేను పడతాను, మల్టీమీటరు అది పడుతుంది. పని నాలుగింతలు ఆలస్యమవుతోంది. ఆలస్యమవుతుంది కాబట్టి కొనేదీ తగ్గింది. మూడు నెలలుగా 400 కూడా పూర్తిగా ఖర్చు కాలేదు.

పోయిన నెల నుంచి పద్దు మా అమ్మాయే రాస్తోంది. "బజరు 15, స్విచ్ 5" అని వంకర అంకెల్లో. వచ్చే శనివారం కోఠీ వెళ్ళాలి. అత్తయ్య ఇంకో పాట పాడారు, పాత కార్డులు పాతికా అయిపోయాయి. జాబితాలో ఉన్నది ఒకే వరస: ఖాళీ కార్డులు, రెండు.