మాటకూ చిరునామా ఉంటుంది

పిల్లలూ, హైదరాబాదులో ఆబిడ్సు, నాంపల్లి పక్కపక్కనే ఉన్న పేటలు. ఆబిడ్సులో పెద్ద పోస్టాఫీసు ఉన్నది. నాంపల్లిలో రైలు స్టేషను ఉన్నది. టెలిఫోనులో మాట ఎలా ప్రయాణం చేస్తుందో తెలుసుకోవటానికి ఈ రెండూ మనకు సాయపడతాయి.

మామూలు పద్ధతిలో, రెండు స్టేషన్ల నడుమ ఒక లైను మీద ఒక బండి పోతున్నంతసేపూ ఇంకొక బండిని ఆ లైను మీదికి వదలరు. పాత టెలిఫోను పద్ధతి ఇటువంటిదే. ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఒక దారి పూర్తిగా వాళ్ళదే. వాళ్ళు మాట్లాడకుండా ఊరుకున్నా సరే, ఆ దారి మరొకరికి దొరకదు.

పోస్టాఫీసు సంగతి వేరు. వెయ్యిమంది ఉత్తరాలు ఒకే సంచీలో పోతాయి. అయినా ఎవరి ఉత్తరం వారికి చేరుతుంది. ప్రతిదాని మీదా చిరునామా ఉంటుంది గదా! కొత్త టెలిఫోను పద్ధతి ఇటువంటిది. దీనిని ఐ.పి. టెలిఫోను అంటారు. సమాచారాన్ని ఇలా చిన్న చిన్న పొట్లాలుగా పంపవచ్చునని 1960 తరవాత అమెరికాలో పాల్ బేరన్, బ్రిటనులో డొనాల్డ్ డేవీస్ ఎవరికి వారే ఆలోచించారు.

మరి గొంతును పొట్లం కట్టటం ఎలా? 1937లోనే అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గొంతును అంకెలుగా మార్చే ఉపాయం కనిపెట్టాడు. ఫోను మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలు వేసుకుంటుంది. సాధారణంగా సెకనులో యాభయ్యోవంతు మాటను ఒక పొట్లంగా కట్టి, పైన చిరునామా, వరస సంఖ్య వేసి పంపుతుంది. మీరు అరసెకనులో "అమ్మా!" అంటే, 25 పొట్లాలు బయలుదేరుతాయన్నమాట. అవతలి ఫోను వాటిని వరసగా పేర్చి, మళ్ళీ గొంతుగా మారుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఉత్తరం ఒకరోజు ఆలస్యమైనా చదువుకోవచ్చు. మాట పొట్లం ఆలస్యమైతే దాన్ని పారవేయటమే. తరవాతి మాట అప్పటికే వచ్చేస్తుంది! ఆలస్యం 150 మిల్లీసెకన్లు, అనగా సెకనులో సుమారు ఏడోవంతు, దాటకుంటే సంభాషణ హాయిగా సాగుతుంది. అందుకే దారిలో ఉండే యంత్రాలకు, "బొమ్మలు, లెక్కలు కాస్త ఆగినా ఫరవాలేదు, ముందు మాటను పోనివ్వండి" అని నేర్పి ఉంచాలి.

నేను ఉద్యోగం విరమించాక ఒక పాఠశాలవారికి సలహాలు చెబుతూ ఉండేవాణ్ణి. వారికి ఆబిడ్సులో ఒక భవనం, నాంపల్లిలో ఒక భవనం. ఒక్కొక్కదానిలో ఒక చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజి. రెంటినీ ఐ.పి. దారిన కలిపారు. ఆబిడ్సు నంబర్లు 2తోనూ, నాంపల్లి నంబర్లు 3తోనూ మొదలయేటట్టు మార్చారు. ఆబిడ్సులో 304 నొక్కితే, అక్కడి ఎక్స్ఛేంజి మొదటి అంకె చూసి, అది నాంపల్లిదని గ్రహించి, అక్కడి ఎక్స్ఛేంజిని పిలుస్తుంది. ఇలా పిలవటానికి 1999లో ఏర్పడిన నియమావళి ఒకటి ఉన్నది. దాని పేరు సిప్.

అంతా బాగానే ఉన్నది. కాని బడి అన్నాక పిల్లలుంటారు. "ఒకసారి నాంపల్లిలో కరెంటు మెయిను ఆపండి," అన్నాను. ఆపారు. అన్ని ఫోన్లూ మూగపోయినై! పాత రాగితీగ ఫోనుకు కావలసిన కరెంటు టెలిఫోను ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుంచి ఆ తీగవెంటే వచ్చేది. ఇంట్లో దీపాలు ఆరినా ఫోను పలికేది. ఐ.పి. ఫోనుకు ఆ వసతి లేదు.

తరవాత ఇంకొక ప్రశ్న వేశాను: "నాంపల్లిలో ఒక పిల్లవాడికి ఊపిరాడలేదు. 108కి ఫోను చేశారు. ఆ పిలుపు ఎక్కడినుంచి బయటికి పోతుంది?" బయటి లైన్లన్నీ ఆబిడ్సులోనే ఉన్నాయి! నంబరునుబట్టి చోటు వెతికితే ఆబిడ్సు చిరునామాయే కనిపించవచ్చు. అంబులెన్సు ఒక భవనానికి వస్తుంది, పిల్లవాడు మరొక భవనంలో ఉంటాడు.

ఆ వారంలోనే నాంపల్లిలో ఫోన్లకు బ్యాటరీ పెట్టారు. బయటికి పోయే లైను ఒకటి అక్కడే వేయించారు.

మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఏ ఫోను పనిచేస్తుందో నాన్నగారిని, అమ్మగారిని అడిగి తెలుసుకోండి. మీ ఇంటి నంబరు, వీధి పేరు, దగ్గరలోని గుర్తు కంఠస్థం చేయండి. ఆపదలో ఫోను చేయవలసివస్తే, ముందు మీరున్న చోటు చెప్పండి, తరవాత జరిగిన సంగతి చెప్పండి. మధ్యలో ఫోను ఆగిపోయినా, సాయం ఎక్కడికి రావాలో అవతలివారికి తెలిసి ఉంటుంది.