ముందు స్టాండు కొనండి

హాంబుర్గ్‌లో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. ఆఫీసు అయ్యాక కెమెరా పట్టుకునే నాలాంటివాళ్ళకి మిగిలేది చీకటే. అందుకే ఇక్కడికి కొత్తగా వచ్చి "ఏ లెన్సు కొనమంటారన్నా?" అని అడిగే కుర్రాళ్ళకి నా జవాబు ఒకటే: లెన్సు సంగతి తర్వాత, ముందు మంచి ట్రైపాడ్ కొనండి. మన ఊరి స్టూడియోల్లో దాన్ని స్టాండు అనేవారు. జర్మన్లు ష్టాటీఫ్ అంటారు.

ష్పైషర్‌ష్టాట్ తెలుసుగా, 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఎర్ర ఇటుకల గిడ్డంగుల పేట. పొద్దుగుంకి ఆకాశం సిరా రంగుకి తిరిగిన ఆ పావుగంటలో అక్కడ ఒక ఫోటోకి, ఐఎస్ఓ 100 పెడితే, షట్టరు పది పదిహేను సెకన్లు తెరిచి ఉండాలి. ఎంత స్థిరమైన చెయ్యైనా అంతసేపు ఆగదు. ఐఎస్ఓ పెంచి చేత్తో తీయొచ్చు కానీ, గోడల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు వస్తుంది.

ఈ దేశంలోనే స్టాండు నుంచి పారిపోవడానికి కెమెరా కనిపెట్టినాయన ఉన్నాడు. వెట్స్‌లార్‌లో లైట్స్ కంపెనీలో పనిచేసిన ఓస్కార్ బార్నాక్. ఆయనకి ఉబ్బసం. గాజు పలకలూ పెద్ద కెమెరా మోసుకుని కొండలెక్కలేక 1914 నాటికి జేబులో పట్టే కెమెరా చేశాడు. 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది అదే. పగటి వెలుతురున్నంతవరకూ ఆయనదే గెలుపు.

మంచిది అంటే ఏమిటని అడుగుతారు. పాతిక యూరోలవి నిలబడతాయి, గాలి లేనంతసేపు. ఎల్బే నది మీంచి గాలి కొట్టగానే వాటి కాళ్ళు వెదురు బద్దల్లా ఊగుతాయి. నాది అల్యూమినియంది, దాదాపు రెండు కిలోలు, రెండొందల యూరోలు పైన అయింది. (రూపాయల్లోకి మార్చి చూడకండి, ఏదీ కొనలేరు.) కార్బన్‌ది తేలిక, ధర మాత్రం బరువు. మధ్య గొట్టం పైకి లాగకుండానే కెమెరా మీ కంటి దగ్గరికి రావాలి. బిగిస్తే తల జారకూడదు. సంచి తగిలించే కొక్కెం ఉంటే మంచిది. వంతెన మీద లారీ పోతే ఎంత ఖరీదైనదైనా వణుకుతుంది, పోయేదాకా ఆగాలి.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. మొన్న చలికాలం అమ్మా నాన్నా తొంభై రోజుల వీసా మీద వచ్చారు. నా చిన్నప్పటి ఫోటోలన్నీ నాన్న అగ్ఫా క్లిక్ త్రీతో తీసినవే. రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ కూడా సగం కప్పే పొయ్యమంటారు. నా కెమెరా చేతికిస్తే ఒకసారి తిప్పి చూసి, "నువ్వే తియ్యరా, నా చెయ్యి ఊరుకోదు" అని తిరిగిచ్చేశారు.

ఒక సాయంత్రం పోగెన్‌మ్యూలెన్ వంతెన దగ్గర స్టాండు వేసి, కెమెరా బిగించి, వైర్‌లెస్ రిమోటు ఆయన చేతిలో పెట్టి పక్కకి జరిగాను. మాట్లాడలేదు. ఎదురుగా రెండు కాలువల మధ్య వాసర్‌ష్లోస్ దీపాలు వెలిగాయి. నాన్న తల మర వదులు చేసి, ఇంచీ ఎడమకి తిప్పి, బిగించి, మళ్ళీ విప్పారు. నలభై నిమిషాల్లో తీసింది తొమ్మిది. రీలుకి పన్నెండే వచ్చే రోజుల పొదుపు ఇంకా పోలేదు. "గడ్డకట్టుకుపోతున్నామండీ" అని అమ్మ మూడుసార్లు అంది.

చివరిదానికి మా ఇద్దర్నీ రెయిలింగు దగ్గర నిలబెట్టారు. "ఎనిమిది లెక్కపెడతాను, కదిలారో చూడండి" అని స్టూడియో ఆయనలా గదమాయించి మీట నొక్కారు.

ఆ ఫోటోలో చలికి అమ్మా నేనూ కాస్త వణికాం, మొహాలు చెదిరాయి. వెనక గోడ మాత్రం ఇటుక ఇటుకా లెక్కపెట్టుకోవచ్చు.