పోపులడబ్బాలో కమీషను

మా పక్కింటి కోడలు మిషను కుడుతుంది. మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను కందులు చెరుగుతుంటే వచ్చి కూర్చుంది. "అక్కా, బీమా సఖి అంట, నెలకు ఏడు వేలు ఇస్తరంట. చేరుదామనుకుంటున్న. నువ్వు ఇన్నేండ్ల సంది ఏజెంటువి కదా, ఎంత మిగుల్తది? నిజం చెప్పు" అంది.

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి నా లెక్కల పుస్తకం తెచ్చాను. మా వారికి కూడా పూర్తిగా చూపించని పుస్తకం అది.

నేను ఇంటర్ దాకా చదివాను. 2013లో పిల్లలిద్దరూ హైస్కూలుకు వచ్చాక, ఇంట్లో కూర్చుని చేసుకునే పని అనుకుని ఎల్.ఐ.సి. ఏజెన్సీ తీసుకున్నాను. ఇంట్లో కూర్చుని చేసే పని కానే కాదని మొదటి వారంలోనే తెలిసింది. జీవితబీమాలో ఒక కంపెనీకి ఏజెంటయితే ఇంకో జీవితబీమా కంపెనీ పాలసీ అమ్మకూడదు. కిరాణాకొట్టులో నాలుగు రకాల సబ్బులున్నట్టు మన దగ్గర ఉండవన్నమాట. జీతం లేదు, కమీషను ఒక్కటే. పైగా ఏడాదికి కనీసం 12 మందినైనా చేర్పించాలి.

కమీషను ఎట్లా ఉంటుందో దానికి ఒక ఉదాహరణతో చెప్పాను. ఇరవై ఏళ్ళ ఎండోమెంటు పాలసీ, ఏడాదికి 12,000 ప్రీమియం అనుకోండి. నేను చేరిన రోజుల్లో మొదటి ఏడాది 25 శాతం, అంటే 3,000. షరతులు నెరవేరితే బోనస్ కమీషను అదనం. రెండో ఏడాది, మూడో ఏడాది ఏడున్నర శాతం, అంటే 900. నాలుగో ఏడు నుంచి 5 శాతం, 600. 2024 అక్టోబరులో మొదటి ఏడాదిది తగ్గించి తర్వాతి ఏళ్ళది కొంత పెంచారు. అదే మొదటినుంచీ ఉంటే బాగుండేదని నాకెందుకు అనిపిస్తుందో తర్వాత చెప్తాను.

నా మొదటి ఏడాది లెక్క ఇది. పాలసీలు 14, మొత్తం ప్రీమియం 72,000, కమీషను 18,000. చూడ్డానికి బాగానే ఉంది కదూ! ఇప్పుడు ఖర్చు చూడండి. హన్మకొండకు బస్సులు 4,000. మాకు హన్మకొండ వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, పోతే ఒక రోజు వంట ఎవరికో అప్పజెప్పాల్సిందే. మా వారి బండికి పెట్రోలు 4,200. ఫోను 2,400. జిరాక్సులు, ఫోటోలు 900. క్యాలెండర్లు, మిఠాయి 1,500. మొత్తం 13,000. శిక్షణ ఫీజు, పరీక్ష ఫీజు ఇందులో కలపలేదు, అవి మా వారిచ్చారు. ఇక "రేపిస్తా వదినా" అన్నవాళ్ళకు నేను చేతినుంచి కట్టి తిరిగి రానిది 2,300. మిగిలింది 2,700. నెలకు 225 రూపాయలు! గ్యాసు బండ కూడా రాదు. ఆ ఏడాది పోపులడబ్బాలో దాచుకున్నదాంట్లోంచే ఏజెన్సీ నడిచింది గానీ, ఏజెన్సీ నుంచి పోపులడబ్బాలోకి ఏమీ రాలేదు. (ఇప్పుడు బస్సు ఖర్చు లేదు లెండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం.)

పాలసీ తీసుకునేటప్పుడు ప్రతి ఒక్కరూ అడిగే మాట ఇంకోటుంది. "నీ కమీషన్ల సగం నాకిస్తవా?" అని. అది నేరం. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షను ప్రకారం ఇచ్చినవాళ్ళకూ, పుచ్చుకున్నవాళ్ళకూ తప్పే. 2015 సవరణ తర్వాత జరిమానా పది లక్షల దాకా వెయ్యొచ్చు. ఈ మాట చెప్తే నవ్వుతారు. మా ఆడపడుచు అయితే మూడు నెలలు మాట్లాడలేదు.

ఊరి సంగతి కూడా తెలుసుకోవాలి. ఏటూరునాగారం చుట్టుపక్కల డబ్బు మిర్చి కోతలప్పుడు, తునికాకు తెంపేటప్పుడు కనిపిస్తుంది. మిగతా రోజుల్లో అప్పే. వానాకాలం గోదావరి పొంగి, వాగులు నిండితే కొన్ని ఊళ్ళకు పోవడమే కుదరదు. మేడారం జాతర వచ్చిన ఏడు మాఘమాసంలో ప్రీమియం మాట ఎత్తకూడదు. బంగారం అంటే బెల్లం, దానికే డబ్బు సరిపోదు వాళ్ళకు.

ఇక్కడిదాకా విని ఆ పిల్ల "మరెందుకు మానలే అక్కా?" అంది. అప్పుడు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసిన పేజీ తీశాను.

వాగు అవతల ఊళ్ళో ఒక కౌలు రైతు. 2016లో మిర్చికి మంచి ధర వచ్చినప్పుడు లక్ష రూపాయల పాలసీ తీసుకున్నాడు. ఏడాదికి 6,600, ఆర్నెల్లకోసారి 3,300. రెండు కిస్తులు కట్టాడు. నా ఖాతాలో 1,650 పడింది. 2017లో మిర్చి ధర పడిపోయింది, గుర్తుందా? ఖమ్మం మార్కెట్లో గొడవలైన ఏడాది. మూడో కిస్తు రాలేదు. గడువు దాటాక ముప్ఫై రోజులు వెసులుబాటు ఉంటుంది. ఒకసారి ఫోను చేశాను, ఎత్తలేదు. ఆ కిస్తుమీద నాకొచ్చే కమీషను 247 రూపాయలు. దానికోసం పెట్రోలు పోసుకుని అంతదూరం ఎందుకులే అనుకున్నాను. ఆ నెలలోనే కొత్త పాలసీ ఒకటి రాబోతోంది, దాని వెనకాల తిరిగాను.

ఆగస్టులో అతను గుండెపోటుతో పోయాడు.

ఒక ఏడాదే కట్టి ఆగిన పాలసీకి, వెసులుబాటు రోజులు కూడా దాటితే, ఏమీ రాదు. మూడేళ్ళు నిండా కట్టి ఉంటే సంగతి వేరుగా ఉండేది. రూలు రూలే, పుస్తకంలో ఉన్నదే, నేను పరీక్షకు చదివిందే. దశదినకర్మ నాడు వెళ్ళాను. ఆయన భార్య బాండు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచింది. తీసి నా చేతికిచ్చి "ఇది ఎప్పుడు తీసుకుపోవాలె వదినా?" అని అడిగింది. ఆ కాగితానికి విలువ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మళ్ళీ వారం పోయాక చెప్పాను. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నేను స్వయంగా వెళ్ళి గట్టిగా చెప్తే కట్టేవాడేమో, కట్టకపోయేవాడేమో. కానీ వెళ్ళలేదు. మొదటి ఏడాది 1,650, తర్వాత 247. ఆ తేడా నాచేత అట్లా చేయించింది. అందుకే ముందు ఆ మాట అన్నాను.

2018 ఆగస్టులో రైతుబీమా వచ్చింది. ప్రీమియం ప్రభుత్వమే కట్టి, రైతు పోతే ఐదు లక్షలు. కానీ పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే, కౌలు రైతుకు లేదు. అందుకని కౌలువాళ్ళ ఇంటికి వెళితే మొదట బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి కట్టమంటాను. 18 నుంచి 50 ఏళ్ళలోపు చేరితే, ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షల బీమా. నాకు పైసా రాదు. మా వారు "నీ వ్యాపారం నువ్వే చెడగొట్టుకుంటున్నవ్" అంటారు. అననీ. పెద్ద పాలసీ తీసుకునేవాళ్ళకు ఏడాదికోసారి, మిర్చి అమ్మిన నెలలో కిస్తు పడేట్టు రాయిస్తాను. గోడ క్యాలెండరు మీద గడువు తేదీలన్నీ ఎర్ర చుక్కలే. పాత పాలసీలు నిలబడ్డాయి కాబట్టి ఇప్పుడు నెలకు సగటున పాలఖర్చు, కరెంటు బిల్లు పోను కొంచెం మిగులుతోంది. అది రావడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది.

ఇక బీమా సఖి. 2024 డిసెంబరు 9న మొదలైంది. పది పాసై, 18 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళకు. ఇప్పటికే ఏజెంట్లుగా ఉన్నవాళ్ళకు లేదు, కాబట్టి నాకు రాదు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. కమీషను వేరే. మా రోజుల్లో ఇదుంటే ఆ 225 రూపాయల బాధ ఉండేది కాదు. కానీ ఇది ఉద్యోగం కాదు, జీతం కాదు. ఏడాదికి 24 మందిని చేర్పించాలి, మొదటి ఏడాది కమీషను 48,000 రావాలి. మొదటి ఏడాది చేర్పించిన పాలసీల్లో నూటికి 65 నిలబడి ఉంటేనే రెండో ఏడాది డబ్బు. ఈ చివరి షరతు నాకు నచ్చింది.

"మిషను మాత్రం అమ్మకు. మూడేండ్లయినంక ఈ డబ్బు ఆగుతది" అన్నాను.

ఒక కాగితం, పెన్ను ఇచ్చి 24 పేర్లు రాయమన్నాను. ఒక్కో పేరు ఎదురుగా వాళ్ళ చేతికి డబ్బు ఏ నెలలో వస్తుందో కూడా రాయమన్నాను. తల్లిగారింటివాళ్ళు, అత్తగారింటివాళ్ళు, బ్లౌజులు కుట్టించుకునేవాళ్ళు అని గబగబా పదకొండు రాసింది. తర్వాత పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించింది. పదిహేడు దగ్గర ఆగిపోయింది. నెలలు నాలుగింటికే రాయగలిగింది.

"మిగిలినవి అడిగి వస్త అక్కా" అని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళింది. నేను మళ్ళీ చేట అందుకున్నాను.