గిలెటిన్‌కి తెలుగు మాట

సెలవలకి నాందేడ్ నుంచి మాండవి వచ్చిన మా మనవరాలు తొమ్మిదో తరగతి. మొన్న ఫ్రెంచి విప్లవం పాఠం చదువుతూ "తాతా, గిలెటిన్‌ని తెలుగులో ఏమంటారు?" అంది. నాది తమిళ మీడియం చదువని మీకు తెలుసు. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక పార్సెల్ ఆఫీసులో కూర్చుని నేర్చుకున్నవి. అయినా ఈ మాట మాత్రం వచ్చు. గండకత్తెర. తమిళంలో కండం అంటే మెడ, కత్తరి అంటే కత్తెర. అందుకే మొదటిసారి విన్నప్పుడే పట్టుబడింది.

ముందు వాళ్ళ పాఠం చెప్పాను. ఫ్రాన్సులో పెద్దింటివాళ్ళకి కత్తి, మామూలు జనానికి ఉరి. చావులోనూ ఎక్కువ తక్కువలు! పైగా నరికేవాడి చెయ్యి కుదరకపోతే నరకమే. ఇంగ్లండులో 1587లో స్కాట్లండు రాణి మేరీకి గొడ్డలి మొదటి దెబ్బ గురి తప్పింది. డాక్టర్ గిలెటిన్ 1789లో అందరికీ ఒకే శిక్ష, అదీ యంత్రంతో ఉండాలన్నాడు. యంత్రానికి రూపం ఇచ్చింది డాక్టర్ లూయీ, తయారు చేసింది ష్మిట్ అనే సంగీత వాద్యాల పనివాడు. పేరు మాత్రం గిలెటిన్ నెత్తికి చుట్టుకుంది. 1792 ఏప్రిల్ 25న మొదటి తల తెగింది. చివరిది ఎప్పుడనుకున్నారు? 1977లో! అప్పటికి నేను బడి చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాను.

మన గండకత్తెర కథ వేరు. దానికి మెడ అప్పగించింది నేరస్తులు కాదు, భక్తులు. శ్రీశైలంలో అనవేమారెడ్డి 1377లో వీరశిరోమండపం కట్టించాడు. అక్కడ కొంగ వీరులు తమ తలలు, నాలుకలు కోసి శివుడికి ఇచ్చేవారని శాసనం చెబుతుంది. కొంగు అంటే మా ఈరోడు వైపు. నేను పెరిగిన రైల్వే క్వార్టర్స్ అక్కడే.

ఆ క్వార్టర్స్ దగ్గర గుడి బయట ఒక రాయి ఉండేది. ఒక మనిషి ఎడమచేత్తో తన జుట్టు తనే పట్టుకుని, కుడిచేత్తో మెడ మీద కత్తి పెట్టుకుని ఉంటాడు. ఎవడో దొంగకి పడిన శిక్ష అనుకుని, బడికి పోతూ వస్తూ దాన్ని రాళ్ళతో కొట్టేవాళ్ళం. నవకండం అంటారనీ, తన తల తనే ఇచ్చుకున్నవాడనీ చాలా ఏళ్ళకి తెలిసింది.

ఇదంతా విని పిల్ల ఒకటే అడిగింది. "వాళ్ళమ్మకి చెప్పే వెళ్ళాడా తాతా?"

నా దగ్గర జవాబు లేదు. మండపం కట్టించిన రాజు పేరు నోటికొచ్చింది గానీ, తల ఇచ్చినవాళ్ళలో ఒక్కడి పేరూ చెప్పలేకపోయాను. పోయిన నెల మన గ్రూపులో ఒక అన్నగారు ఇలాంటి శిల్పం ఫోటో పెట్టి "ఇదీ మన పూర్వుల పౌరుషం" అంటే నేనూ దండం పెట్టాను. నిన్న ఆ దండం తీసేశాను. అన్నగారు తప్పుగా అనుకోకండి. వాళ్ళకి ధైర్యం లేదని నేననను. పిల్ల అడిగాక ఆ దండం అలా ఉంచబుద్ధి కాలేదు, అంతే.

దసరాకి ఈరోడు వెళ్తున్నాం. పిల్లకి ఆ రాయి చూపించాలి. రాళ్ళు విసిరినవాళ్ళలో నేనూ ఉన్నానని ఇంకా చెప్పలేదు. అక్కడే చెబుతాను.